నిజాం విమానానిది ఏ రంగు?

ఓర్వకల్లులో దిగే ఏటీఆర్ విమానాన్ని దూరంగా నిలబడి చూసే పిల్లవాడికి బాగా కనిపించేది దాని పక్కవాటే. నెత్తిన రెక్క, రెండు పంకాలు, ఒక్కో పంకాకు ఆరు ఆకులు, ఇంగ్లిష్ ‘టీ’ అక్షరంలాంటి తోక. మనుషులెక్కే తలుపు వెనక, సామాను తలుపు ముందు. తీరా ఇంటికెళ్లి బొమ్మ వేయమంటే మబ్బులు చీల్చుకుపోయే జెట్ వేస్తాడు. వాడి తప్పేం లేదు. ఫ్లెక్సీల మీదా క్యాలెండర్ల మీదా వాడు చూసింది అదే.

విమానాల పక్కవాటు బొమ్మ వేరే విద్య. అందులో ఆకాశం ఉండదు, నేల ఉండదు, దగ్గరిది పెద్దగా దూరానిది చిన్నగా కనిపించడమూ ఉండదు. 27.17 మీటర్ల ఏటీఆర్ 72ను డెబ్బై రెండో వంతుకు తగ్గిస్తే కాగితం మీద 37.7 సెంటీమీటర్లు. ఆ జానెడున్నరలో కిటికీల మధ్య ఎడం, రిజిస్ట్రేషన్ అక్షరాల ఎత్తు, ఇంజను పొగకు మసిబారిన చోటు, అన్నీ సరిపోవాలి. పైగా ‘ఏదో ఒక ఏటీఆర్’ అంటే కుదరదు. ఫలానా నంబరు విమానం ఫలానా ఏడాది ఎలా ఉందో అలాగే ఉండాలి. అందుకే ఇది అలంకారం కన్నా దస్తావేజుకు దగ్గర.

అలా గీయదగ్గవాటిలో నిజాం విమానం ఒకటి. ఓర్వకల్లు ఉన్న జిల్లాలోనే ఉన్న ఆదోనికి నిజాం కొత్తవాడు కాడు. 1800లో ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన దత్త మండలాల్లో ఆదోని కూడా ఉంది. ఊళ్లు పోగొట్టుకున్న ఆ వంశమే మొదటి ప్రపంచ యుద్ధంలో అదే బ్రిటిష్‌వాళ్లకు విమానాలు కొనిపెట్టింది! ఏడో నిజాం ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు వచ్చాయి. వాటి మీద నిజాం కానుక అని రాయించారు. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచిపోయింది. వాటిలో ఎఫ్1010 నంబరు విమానం 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. తర్వాత పోలండ్ చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దీన్ని లండన్ ఆర్ఏఎఫ్ మ్యూజియం వెనక్కి తెచ్చుకుంది. దారిలో రెక్కలు పోయాయి. ఇప్పుడున్నవి కొత్తగా కట్టినవి.

ఇలాంటిదాన్ని పాత ఫొటోలు చూసి గీయబోతే మొదటి చిక్కు రంగు దగ్గరే. ఆ కాలపు ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు పట్టేది కాదు. ఎరుపు నల్లగానూ నీలం వెలిసిపోయినట్టుగానూ పడేవి. కంటికి కనబడిందే నిజమనుకుంటే వాయుసేన గుండ్రటి గుర్తులో ఏ వలయం ఏ రంగో తారుమారవుతుంది.

రంగు గురించి ఇంత పట్టింపు చాదస్తం అనిపించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. జపాన్ విమానాల మీద ఎర్రటి సూర్యబింబం ఉండేది. సొంతవాళ్లే పొరబడి కాల్చేస్తారన్న భయంతో తూర్పు రంగంలో బ్రిటిష్, భారత వాయుసేనలు తమ గుర్తులోంచి ఎరుపునే తీసేశాయి. కాబట్టి 1942లో బర్మాలో ఎగిరిన భారత లైసాండర్‌కూ 1944 నాటి హరికేన్‌కూ ఒకే గుర్తు వేస్తే బొమ్మ ఎంత అందంగా ఉన్నా అబద్ధమే.

ఇంత ఓపికైన చేయి ఎక్కడుంది? ఎమ్మిగనూరులో ఉంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నిలబెట్టిన ఊరది. జకార్డ్ డిజైను ముందు గ్రాఫ్ కాగితం మీద గడిగడిగా పుడుతుంది. ఒక్క గడి తప్పినా గుడ్డ పట్టించేస్తుంది. ఇండిగో తోక మీది విమానం గుర్తును చూడండి, అంతా చుక్కలే. గ్రాఫ్ మీద పూవు దించిన చేతికి అదేమంత కష్టం? ఆదోని మిల్లుల్లో పత్తి బేళ్ల మీద రేకు పెట్టి నంబరు కొట్టే పద్ధతే విమానం పొట్ట మీది హెచ్చరికలకూ వాడతారు. ఇక ఫ్లెక్సీ వచ్చాక కుంచె మూలన పడేసిన బోర్డు ఆర్టిస్టులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత చోటు వదలాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకంటారా? ఉండనివ్వండి, మంచిదే. ఇంక్‌స్కేప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అడిగిన క్షణంలో విమానం బొమ్మ పుట్టుకొచ్చే రోజులు కూడా వచ్చాయి. పంకాకు ఐదు ఆకులు పడ్డాయా, ఆరు పడ్డాయా అని లెక్కపెట్టాల్సింది మాత్రం మనిషే.

ఓర్వకల్లులో 2021 మార్చిలో తెరుచుకున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయంలో ఒక్క గోడ ఇస్తే చాలు. నిజాం డీహెచ్ 9ఏ, విశాఖ బీచ్ రోడ్డు మీది టీయూ 142, ఇక్కడ దిగే ఏటీఆర్, మూడూ ఒకే కొలతలో వరసగా వేయించవచ్చు. 53 మీటర్ల టీయూ పక్కన తొమ్మిది మీటర్ల డీహెచ్ ఎంతుంటుందో పిల్లలే చూసుకుంటారు.

నాలుగోది డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా. నిజాం రాజ్యంలో 1945లో పుట్టి, బేగంపేట నుంచి ఎగిరి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన సంస్థ అది. ఆ విమానాలను చిన్నప్పుడు కళ్లారా చూసి, ఒంటి మీది రంగులు చెప్పగలిగినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. గోడ సంగతి తర్వాత. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.