వెతుకులాటలో ముక్తేశ్వరం

ఇంటర్నెట్‌లో సమాచారాన్ని వెతికిపెట్టే గూగుల్, బింగ్ వంటి సాధనాలను సెర్చ్ ఇంజన్లు అంటారు. ఆ వెతుకులాటలో తమ వెబ్‌సైట్ ముందు వరుసలో కనిపించేలా దాన్ని తీర్చిదిద్దుకునే పనికి సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అని పేరు, వాడుకలో ఎస్ఈఓ. ఇది గుట్టు తెలిసిన కొద్దిమందికే సాధ్యమయ్యే విద్య అన్న భ్రమ చిన్న వ్యాపారుల్లో ఉంది, ఆ భ్రమను నమ్ముకుని బతికే బేరగాళ్లూ ఉన్నారు. కోనసీమలోని ఒక దుకాణానికో, ఆలయానికో, నదీతీరంలోని అతిథి గృహానికో కావలసిన ఎస్ఈఓలో చాలా భాగం, జనం ఏమడుగుతున్నారో గుర్తించి, దానికి సూటిగా జవాబు రాసి, ఆ రాతను యంత్రం చదవగలిగే రూపంలో పెట్టడంతోనే పూర్తవుతుంది. గౌతమీ గోదావరి ఒడ్డున, అయినవిల్లి మండలంలో ఉన్న ముక్తేశ్వరాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ మాటలోని నిజం, అందులోని చిక్కులు కూడా బయటపడతాయి.

సెర్చ్ ఇంజన్ పని మూడు దశల్లో సాగుతుంది. క్రాలర్ అనే ప్రోగ్రాం ఒక పేజీలోని లింకును పట్టుకుని మరో పేజీకి వెళుతూ, దొరికినదల్లా చదువుకుంటూ పోవడం మొదటిది. చదివిన పేజీల్లో ఏ మాటలు ఉన్నాయో ఇండెక్స్ అనే బృహత్ సూచికలో నమోదు చేసుకోవడం రెండోది. ఎవరైనా ప్రశ్న టైపు చేసినప్పుడు ఆ సూచికలోంచి తగిన పేజీలను ఏరి వరుస కట్టడం మూడోది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించేనాటికి వారి చేతిలో ఉన్న కొత్త ఆయుధం పేజ్‌ర్యాంక్, అంటే ఒక పేజీకి ఇతర పేజీల నుంచి వచ్చే లింకులను ఓట్ల మాదిరిగా లెక్కగడుతూ, ఎక్కువ విలువ గల పేజీ వేసే ఓటుకు ఎక్కువ విలువ ఇచ్చే పద్ధతి. ఆ తరువాత వరుస కట్టడానికి ఇంకా ఎన్నో అంశాలు తోడయ్యాయి గాని, మొదటి రెండు దశలు దాటని పేజీకి మూడో దశ లేదన్న సంగతి మాత్రం మారలేదు. చిన్న ఊళ్ల వెబ్‌సైట్లలో తరచు కనిపించే లోపం వెనకబడిపోవడం కాదు, యంత్రం చదువుకోవడానికి అక్కడ అక్షరమే లేకపోవడం.

దీనికి కారణం తెలుగునాట అచ్చుపని జరిగే తీరులోనే ఉంది. ఉత్సవ ఆహ్వానమైనా, కల్యాణ మండపం అద్దెల పట్టికైనా ముందుగా డీటీపీ సెంటరులో తయారవుతుంది. అక్కడ ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నవి అను ఫాంట్లు. ఆ తరహా పాత ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగు అక్షరమే అయినా, ఫైలు లోపల దాగి ఉండేది ఏ ఇంగ్లీషు అక్షరమో, విరామ చిహ్నమో. అందువల్ల ఆ రాతను తీసుకెళ్లి వెబ్‌పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తుల వరుస మిగులుతుంది. ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించే ప్రమాణాన్ని యూనికోడ్ అంటారు, 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు ఉంది. అయినా మొదటి తరం తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం తమ సొంత ఫాంట్లతోనే నడిచాయి. ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ జోడింపును వాడుకోవలసి వచ్చింది. పత్రికలు ఆ దశ దాటి ఏళ్లయింది, కరపత్రాలు మాత్రం దాటలేదు. అతికిస్తే అక్షరాలు చెదురుతున్నాయని, కరపత్రాన్ని బొమ్మగా మార్చి వెబ్‌సైట్‌లో పెట్టేస్తారు. మనిషి కంటికి అందులో పూజా సమయాలు, రుసుములు, ఫోన్ నంబర్లు అన్నీ కనిపిస్తాయి, క్రాలర్‌కు మాత్రం అది ఒక రంగుల చిత్రం. బొమ్మల్లోని అక్షరాలను గుర్తుపట్టే సాంకేతికత ఎంత పెరిగినా దాని మీద ఆధారపడటం తెలివైన పని కాదు. కరపత్రం బొమ్మను అలాగే ఉంచి, అందులోని ప్రతి వాక్యాన్నీ దాని కింద యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించడం ఒక పూట పని. రాత విషయంలో ఒక్క సలహానే పాటించగలిగిన యజమాని పాటించవలసినది ఇదే.

ఊరి పేరుతో వచ్చే చిక్కు ఇంకో రకం. తెలుగువారు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతకడం మామూలు. ముక్తేశ్వరం పేరులో ‘త’కు టి ఒక్కటే రాసేవారూ, దాని పక్కన హెచ్ చేర్చేవారూ ఉన్నారు, ‘శ’కు ఎస్ ఒక్కటే చాలనుకునేవారూ, హెచ్ కలిపేవారూ ఉన్నారు, ‘వ’కు వి, డబ్ల్యూ రెండూ చెల్లుతున్నాయి. ఈ మూడు చోట్లా రెండేసి దారులు ఉండటంతో ఒక్క ఊరికే ఎనిమిది వర్ణక్రమాలు ఏర్పడతాయి. వీటిలో చాలావాటిని సెర్చ్ ఇంజన్ ఒకటిగా పోల్చుకోగలదు, కాబట్టి ఎనిమిదింటినీ పేజీలో గుప్పించనక్కరలేదు. అసలు ఇబ్బంది అదే పేరుతో ఇతర చోట్లు ఉండటం. ఉత్తరాఖండ్‌లోని నైనిటాల్ జిల్లాలో ముక్తేశ్వర్ అనే పర్యాటక కేంద్రం ఉంది, భువనేశ్వర్‌లో ప్రసిద్ధమైన ముక్తేశ్వరాలయం ఉంది, తెలంగాణలోని కాళేశ్వరంలో కాళేశ్వర ముక్తేశ్వర స్వామి కొలువై ఉన్నాడు. ముక్తేశ్వరంలో గది కావాలని వెతికేవారిలో హిమాలయాలను చూడబోయేవారు ఎక్కువమంది అయినప్పుడు, కోనసీమ ముక్తేశ్వరంలోని క్షణ ముక్తేశ్వర స్వామి సన్నిధికి వచ్చేవారి ప్రశ్నను యంత్రం వేరుగా గుర్తించాలంటే పేజీయే దానికి ఆనవాళ్లు ఇవ్వాలి. అయినవిల్లి, అమలాపురం, కోటిపల్లి రేవు, గౌతమీ గోదావరి, కోనసీమ అన్న పేర్లు వాక్యాల్లో సహజంగా ఒదిగి ఉన్న పేజీ ఏ ముక్తేశ్వరానిదో యంత్రం తికమక పడవలసిన అవసరం ఉండదు. వెతుకులాట ఫలితాల్లో పెద్ద అక్షరాలతో కనిపించే శీర్షికను టైటిల్ అంటారు. అక్కడ ‘హోమ్’ అనో ‘స్వాగతం’ అనో వదిలేసిన చోట ‘ముక్తేశ్వరం రేవు దగ్గర అద్దె గదులు, అయినవిల్లి మండలం, కోనసీమ’ అని మారిస్తే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఆ పేజీ తన చిరునామా తానే చెప్పుకున్నట్లవుతుంది.

జనం వెతికేది పేర్లనే కాదు, తమ అవసరాలను కూడా. ద్రాక్షారామం, కోటిపల్లి క్షేత్రాలు చూసుకుని అయినవిల్లి సిద్ధి వినాయకుడి దర్శనానికి బయలుదేరినవారికి కోటిపల్లి రేవులో గోదావరి దాటి ముక్తేశ్వరం ఒడ్డున దిగడం దగ్గరి దారి. మనుషులను, వాహనాలను అక్కడ పంటు అనే వెడల్పాటి పడవ మీద దాటిస్తారు. వరద పెరిగినప్పుడు పంటు ఆపేస్తారు, అప్పుడు యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో, రావులపాలెం మీదుగానో చుట్టు తిరిగి రావలసి ఉంటుంది. కనుక ఆషాఢ, శ్రావణ మాసాల్లో ఈ దారిన వచ్చే మనిషి ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న, పంటు నడుస్తోందా అని. రెండోది కారు ఎక్కించుకుంటారా అని, మూడోది ఆఖరి పంటు ఎన్ని గంటలకని. ఈ మూడింటికీ జవాబు రాసి, పైన తేదీ వేసి, పరిస్థితి మారిన రోజున దాన్ని దిద్దే పేజీ ఒక్కటి ఉన్న అతిథి గృహం వెబ్‌సైట్, ‘ప్రకృతి ఒడిలో మరపురాని అనుభూతి’ అని పరవశించిపోయే పది పేజీల వెబ్‌సైట్ కంటే యాత్రికుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది. సమాచారం మారకుండా తేదీ మాత్రం రోజూ మార్చే తెలివి కొందరు చూపిస్తారు. దానివల్ల ఒరిగేది లేదు సరికదా, వరద రోజున ఆ పేజీని నమ్మి రేవు దాకా వచ్చి వెనక్కి మళ్లిన మనిషి మళ్లీ ఆ గడప తొక్కడు.

కొబ్బరి వ్యాపారంలో ఇదే సూత్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముక్తేశ్వరానికి దగ్గరలోని అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లో ధరలు చెప్పుకునే తీరు వేరు: ఎండు కొబ్బరిని క్వింటాలు లెక్కన, చిప్పలోనే ఎండిన కురిడీ కాయను వెయ్యి లెక్కన చెబుతారు; కురిడీలో మళ్లీ పాతవి, కొత్తవి, వాటిలో గండేరా, గటగట అనే రకాలు. ఇక్కడి సరుకు కొనేవారు ఆ మాటలతోనే బేరం ఆడతారు, ఆ మాటలతోనే వెతుకుతారు. వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చినవారు మాత్రం ఎక్కడి నుంచో తెచ్చిన నమూనాలో ‘ప్రీమియం క్వాలిటీ కోకోనట్ ప్రాడక్ట్స్’ అని ఇంగ్లీషులో ఒక వాక్యం పెట్టి వెళ్లిపోతారు. లక్షలాది పేజీల్లో ఉన్న ఆ వాక్యంతో పోటీపడి అంబాజీపేట వ్యాపారి నెగ్గేది లేదు. గటగట అంటే ఏమిటో, గండేరాకు దానికి తేడా ఏమిటో, బస్తాకు ఎన్ని కాయలు పడతాయో, దూరప్రాంతానికి లారీ ఎలా కుదురుస్తారో అనుభవంతో రాసిన ఒక పేజీకి పోటీ దాదాపు ఉండదు, ఎందుకంటే ఆ సంగతులు తెలిసినవారు కూర్చుని రాయడం అరుదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది: బెల్లంతో చేసినవి ఎన్నాళ్లు నిలవ ఉంటాయి, పార్సిల్‌లో పంపితే విరగకుండా ఎలా కడతారు అన్న ప్రశ్నలకు జవాబులే వారి అసలు ప్రకటన.

పేజీ చిరునామాను తెలుగులో పెట్టాలా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాలా అన్నది చాలామందికి వచ్చే సందేహం. సెర్చ్ ఇంజన్‌కు రెండూ సమ్మతమే. అయితే యూనికోడ్ అక్షరాలు చిరునామాలో ప్రయాణించేటప్పుడు శాతం గుర్తుల రూపంలోకి మారతాయి. ఒత్తులను, గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తే ‘ముక్తేశ్వరం’ అన్న మాటలో 11 యూనికోడ్ అక్షరాలు ఉన్నాయి, ఒక్కోదానికి తొమ్మిది గుర్తుల చొప్పున ఆ ఒక్క మాటే 99 గుర్తులవుతుంది. వాట్సాప్‌లో ఎవరైనా అతికిస్తే అది లింకులా కాక, ఏదో వైరస్‌లా కనిపించి అవతలివారు నొక్కడానికి జంకుతారు. రాత తెలుగులోనూ, చిరునామా పొట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఉండటం ప్రస్తుతానికి ఆచరణయోగ్యం.

నెలకు ఇంత అని మాట్లాడుకుని మొదటి స్థానం ఖాయమని హామీ ఇచ్చేవారి విషయంలో యజమానులు గుర్తుంచుకోవలసిన ఆధారం ఒకటుంది: మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని, డబ్బు తీసుకుని వరుసలో ముందుకు జరపడం తమ వద్ద లేదని గూగుల్ తన మార్గదర్శకాల్లో స్వయంగా రాసింది. మంచి నిపుణుడి పనికైనా ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పట్టవచ్చని కూడా చెప్పింది. ఈ బేరగాళ్ల సంచిలో ఉండే సరుకు పాతది. పేజీ లోపల కనిపించకుండా దాచే ‘కీవర్డ్స్’ జాబితాను వెబ్ ఫలితాల వరుసకు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. కొన్న లింకులతో పెరిగిన వెబ్‌సైట్లను 2012లో పెంగ్విన్ అనే మార్పుతో కిందికి దించింది. అమలాపురం, కొత్తపేట, రాజోలు, అంబాజీపేట అంటూ ఊరి పేరు ఒక్కటి మార్చి అదే రాతతో పాతిక పేజీలు తయారుచేస్తే వాటిని డోర్‌వే పేజీలు అంటారు, అది గూగుల్ నిబంధనల ఉల్లంఘన. యంత్రాలతోనైనా, మనుషులతోనైనా వరుసలో ముందుకు రావడానికే కుప్పలుగా రాయించి నింపడాన్ని 2024 మార్చిలో నిషిద్ధ పనుల జాబితాలోకి చేర్చారు. ఇంత చెప్పినా నిపుణుల అవసరమే లేదనడం సరికాదు. వేల పేజీల వెబ్‌సైట్‌ను చిక్కులు లేకుండా ఒకచోటి నుంచి మరో చోటికి మార్చడం అనుభవం లేనివారి వల్ల అయ్యేది కాదు.

దుకాణదారులకు, హోటళ్లకు వెబ్‌సైట్ కన్నా ముందు కావలసినది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే మ్యాపులో కనిపించే ఉచిత నమోదు. ఈ ఫలితాల వరుసకు గూగుల్ చెప్పే అంశాలు మూడు: ప్రశ్నకు సరిపోవడం, వెతికేవారి నుంచి ఉన్న దూరం, ఆ సంస్థకు ఉన్న పేరు. రెండోదాని మీద యజమానికి ఎలాగూ అధికారం లేదు. మొదటిదాన్ని బలపరచుకోవాలన్న ఆత్రంతో బోర్డు మీద లేని విశేషణాలన్నీ పేరులో చేరిస్తే నమోదు నిలిచిపోయే ప్రమాదం ఉంది. మ్యాపులో గుర్తు కొబ్బరి తోట మధ్యలో పడి ఉందేమో చూసుకోవడం, పండగ రోజుల్లో వేళలు మార్చడం, విమర్శించినవారికి మర్యాదగా సమాధానం రాయడం చాలు. ఆలయాల సంగతిలో ఇంకో జాగ్రత్త కావాలి: తిరుమల తిరుపతి దేవస్థానాల పేరుతో పుట్టుకొచ్చిన నకిలీ వెబ్‌సైట్ల గురించి ఆ సంస్థ పలుమార్లు భక్తులను హెచ్చరించవలసి వచ్చింది. అధికారిక పేజీలో సమాచారం లేని చోట నకిలీ పేజీకి గిరాకీ పెరుగుతుంది కాబట్టి, చిన్న ఆలయమైనా తన రుసుములను, చెల్లింపు పద్ధతిని తన పేజీలో తానే స్పష్టంగా రాయాలి.

వేగం గురించి క్లుప్తంగా చెబితే చాలు. గూగుల్ కొన్నేళ్లుగా పేజీల మొబైల్ రూపాన్నే చదివి సూచికలో చేరుస్తోంది. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు తెర మీదికి రావాలన్నది దాని కొలమానం. ఫోన్ కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన భారీ ఫొటోలను కుదించి పెడితే చిన్న వెబ్‌సైట్ల బరువు చాలావరకు దిగిపోతుంది.

పేజీలు సూచికలో చేరాయా, ఏ మాటలు వెతికినవారికి కనిపిస్తున్నాయి, ఎందరు నొక్కి లోపలికి వచ్చారు అన్న లెక్కలను గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే సాధనం యజమానికి ఉచితంగా చూపిస్తుంది. నెలకొకసారి ఆ జాబితా చదివితే, కనిపిస్తున్నా ఎవరూ నొక్కని పేజీకి టైటిల్ మార్చాలని, జనం అడుగుతున్నా జవాబు లేని ప్రశ్నకు పేజీ రాయాలని తెలిసిపోతుంది. అయితే ఈ ఖాతా, దానితోపాటు వెబ్‌సైట్ పేరు నమోదు, చాలాచోట్ల యజమాని పేర కాక, దాన్ని తయారుచేసిన కుర్రవాడి ఈమెయిల్ మీద ఉంటాయి. అతడు ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోయాక గడువు గుర్తుచేసే సందేశాలు ఎవరూ చదవని పెట్టెలో పడుతుంటాయి. గడువు తీరిన పేర్లను కొని, వాటికి అంతకుముందున్న మంచి పేరును వాడుకుంటూ పనికిరాని సరుకు అమ్మడం ఎంత పెరిగిందంటే, దాన్ని కూడా గూగుల్ 2024 మార్చిలో నిషిద్ధ పనుల జాబితాలో చేర్చింది. టైటిల్ మార్చడానికి, కరపత్రాలు టైపు చేయించడానికి ముందే వెబ్‌సైట్ పేరు ఎవరి పేర నమోదై ఉందో, ఏ తేదీకి పునరుద్ధరించాలో, ఏ ఫోన్ నంబరుకు ఓటీపీ వస్తుందో యజమాని విచారించుకుని, వాటిని తన పేర మార్పించుకోవాలి.