అవ్వాతాతలకూ ఓ ఆదివారం!

ఆదివారం సాయంత్రం బెంగళూరులో ఏ మాల్‌కైనా వెళ్లి చూడండి. ఎస్కలేటర్ పక్కన బెంచీ మీద ఓ పెద్దాయన, ఓ పెద్దావిడ కూర్చుని కనిపిస్తారు. మదనపల్లె నుంచో, హిందూపురం నుంచో మనవళ్లను చూడ్డానికి వచ్చినవాళ్లు. కొడుకు, కోడలు షాపుల్లో. పిల్లలు ఆటల మిషన్ల దగ్గర. వీళ్లు మాత్రం సంచులకు కాపలా! ఇంటికెళ్లాక 'ఎట్లుంది నాయనా?' అని అడిగితే 'బాగుందిలే' అంటారు. ఏం చూశారో వాళ్లకే తెలియదు.

తప్పు మాల్‌ది కాదు. అక్కడ ఎండ తగలదు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. కారు పెట్టుకోను చోటుంటుంది. చిన్నపిల్లలతో బయటికెళ్లేవాళ్లకు ఇవి చిన్న విషయాలేం కావు. కానీ నష్టం ఇంకోచోట ఉంది. బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు బడిలో ఇంగ్లిష్, వీధిలో కన్నడం. తెలుగు మిగిలింది ఇంట్లోనే. అదీ 'తిన్నావా', 'పడుకో' వరకే. ఆ నాలుగు మాటలు దాటించగలిగేది అవ్వాతాతలే. వాళ్లొచ్చేదేమో ఏడాదికి నాలుగైదు ఆదివారాలు. ఆ కాస్త సమయాన్నీ బెంచీ మీద పోగొట్టుకుంటే ఎలా?

చెట్టు కింద పాఠం

అదే తాతను లాల్‌బాగ్‌కు తీసుకెళ్లండి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. 240 ఎకరాలు. అక్కడ సంచి కాపలాదారు కాస్తా మాస్టారైపోతాడు. ఇది నేరేడు, అది బూరుగు, దూది దీనికే కాస్తుంది అంటూ మొదలుపెడితే ఆపలేం. అక్కడి రాతిగుట్ట వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. జాతీయ భూగర్భ స్మారకంగానూ గుర్తించారు. అనంతపురం, మదనపల్లె వైపు గుట్టల్లో కనిపించేదీ ఇంచుమించు ఇలాంటి పాత రాయే. 'మన చేను గట్టున ఉండేది ఇట్లాంటిదేరా' అని తాత అంటే మనవడు నోరు తెరుచుకుని వింటాడు. ఏ వీడియో గేమూ ఆ పని చేయలేదు.

ఖర్చు అంటారా? కబ్బన్ పార్కులో ప్రవేశానికి పైసా అక్కర్లేదు. 1870 నాటి పార్కు అది. ఆదివారాలు లోపలి రోడ్లలో వాహనాలు తిరగనివ్వరు కాబట్టి పిల్లల చెయ్యి వదిలినా భయం ఉండదు. కబ్బన్ పార్కుకూ, లాల్‌బాగ్‌కూ వాటి పేర్లతోనే మెట్రో స్టేషన్లున్నాయి. పార్కింగ్ బాధ కూడా తప్పుతుంది.

హులి అంటే పులే!

'మాకు కన్నడం రాదు, ఏం చదువుతాం?' అంటారు పెద్దవాళ్లు. తలకట్టు, కొన్ని అక్షరాలు పక్కన పెడితే రెండు లిపులూ అక్కాచెల్లెళ్లే. కూడబలుక్కుంటే చదివేయొచ్చు. బన్నేరుఘట్టలో 'హులి' అని కనిపిస్తే పులి. 'హావు' అంటే పాము. పాలు 'హాలు' అయినట్టే, పువ్వు 'హూవు' అయింది. మన 'ప' చాలాచోట్ల అక్కడ 'హ' అయిందని తాత కనిపెడితే, కన్నడం చదివే మనవరాలు మరో నాలుగు మాటలు వెతికిపెడుతుంది. తాతకు కన్నడం, మనవరాలికి తెలుగు... ఒకే బోర్డు ముందు ఇద్దరికీ అక్షరాభ్యాసం! మంగళవారం మాత్రం ఆ జూకు సెలవు. అది మరిచిపోవద్దు.

ఇంటిపేరులో ఊరు

కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియంకు పిల్లలు రైట్ సోదరుల విమానం నమూనా కోసం వెళ్తారు. ఆ పేరు వెనకున్న మనిషి సంగతి పెద్దవాళ్లు చెప్పాలి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులు తెలుగువాళ్లు. మోక్షగుండం గిద్దలూరు వైపున్న ఊరు. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక, మళ్లీ ఆ గతి పట్టకుండా పథకం గీసిచ్చింది ఆయనే. 1912 నుంచి 1918 వరకు మైసూరు దివాన్‌గా పనిచేసిందీ ఆయనే. సరిహద్దుకు అటూ ఇటూ ఇద్దరూ 'మావాడే' అనుకునే మనిషి. ముద్దేనహళ్లిలో ఆయన ఇంటిని మ్యూజియంగా ఉంచారు. అనంతపురం నుంచి వచ్చే పెద్దరోడ్డు మీదే చిక్కబళ్లాపురం తగులుతుంది. ఊరి నుంచి తాతను తీసుకొచ్చే రోజే ఓ గంట ఆగితే పోయేదేముంది?

అధికారుల వంతూ ఉంది. నాలుగడుగులకో బెంచీ, తాగునీరు, వాడుకోదగ్గ మరుగుదొడ్డి... ఈ మూడూ ఉంటే ముసలివాళ్లు పార్కుకొస్తారు. లేకుంటే మాల్‌కే పోతారు. కోట్లు పోసి కొత్త హంగులు తెచ్చేముందు ఈ మూడింటి సంగతి చూడాలి. చెట్లకు లాటిన్ పేరుతోపాటు జనం పిలిచే పేరు కూడా పెద్దక్షరాల్లో రాయాలి. ఏ పార్కుకైనా, మ్యూజియంకైనా ఇది తలకు మించిన పనేం కాదు.

తల్లిదండ్రులు చేయాల్సింది అంతకన్నా తక్కువే. ఒక్కరోజులో అన్నీ చుట్టేయాలనుకోవద్దు. ఒక తోట, ఒక పూట, డబ్బాలో చిత్రాన్నం... చాలు. ఈసారి ఊరి బస్సు దిగిన తాత చేతికి సంచి ఇవ్వకండి. మనవడి చెయ్యి ఇవ్వండి. ఎటు తిప్పాలో ఆయనకు తెలుసు.