మరమ్మతుకు శిలాఫలకం ఉండదు

దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురం సెక్టార్ల గుండా నడిస్తే కేంద్ర ప్రభుత్వపు నిజస్వరూపం ఏ ఉపన్యాసంలోనూ కనిపించనంత స్పష్టంగా కనిపిస్తుంది. కేంద్ర జల సంఘం కొలువుదీరిన సేవాభవన్ ఇక్కడే ఉంది. ఆ కార్యాలయాల్లో ఫైళ్లు కదిలించే ఉద్యోగుల క్వార్టర్లూ ఇక్కడే ఉన్నాయి. వారిలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పెచ్చులూడిన సన్‌షేడ్లు, చెమ్మ పట్టిన గోడలు, పైపుల పక్కన వేరూనిన రావిమొక్కలు పాత సర్కారీ కాలనీల్లో ఎవరినీ ఆశ్చర్యపరచవు. ఆశ్చర్యపోవడం మానేయడమే అసలు సమస్య.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కాపాడి చూడు అని ఎవరూ అనలేదు. మన ప్రభుత్వాలు ఆ సామెతను అక్షరాలా పాటిస్తున్నాయి.

కేంద్ర ప్రజాపనుల విభాగం (సీపీడబ్ల్యూడీ) 1854లో డల్హౌసీ కాలంలో పుట్టింది. కట్టడంలోనూ, కట్టినదాన్ని కాపాడడంలోనూ దానికున్నంత అనుభవం దేశంలో మరే సంస్థకూ లేదు. గోడల మీద కట్టిన భవనానికి 55 ఏళ్లు, ఆర్‌సీసీ ఫ్రేము మీద నిలిచిన భవనానికి 75 ఏళ్లు ఆయుష్షుగా ఆ విభాగపు నిర్వహణ నియమావళే లెక్కగట్టింది. అయితే ఆ ఆయుష్షు సకాలంలో మరమ్మతులు జరిగే భవనానిది. మరమ్మతు వాయిదా పడిన కొద్దీ భవనం త్వరగా ముసలిదవుతుంది. ముసలిదైంది కనుక కూల్చక తప్పదంటారు. నిర్లక్ష్యమే చివరకు కూల్చివేతకు సాక్ష్యమవుతుంది.

2016 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణానికి ఆమోదం తెలిపింది. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ ఎన్‌బీసీసీకి, కస్తూర్బా నగర్, త్యాగరాజ్ నగర్, శ్రీనివాస్‌పురి, మొహమ్మద్‌పూర్ సీపీడబ్ల్యూడీకి దక్కాయి. వీటిలో మొహమ్మద్‌పూర్ ఆర్.కె. పురానికి పక్కనే ఉంది. 12,970 ఇళ్ల స్థానంలో సుమారు 25,667 ఇళ్లు కట్టాలన్నది లక్ష్యం. 30 ఏళ్ల నిర్వహణ ఖర్చుతో కలిపి అంచనా వ్యయం 32,835 కోట్ల రూపాయలు. ఖజానాపై భారం పడకుండా, నౌరోజీ నగర్‌లోనూ సరోజినీ నగర్‌లోని కొంత భాగంలోనూ వాణిజ్య స్థలం అమ్మి ఈ సొమ్ము సమకూర్చాలన్నది పథకం. 2018లో చెట్ల నరికివేతపై స్థానికులు ఆందోళనకు దిగడం, ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకోవడం మనకు గుర్తున్నదే.

ఈ పథకాన్ని సాంతం తప్పుపట్టడం న్యాయం కాదు. అంత విలువైన భూమిలో రెండంతస్తుల ఇళ్లు పరుచుకుని ఉండగా, క్వార్టరు కోసం ఉద్యోగులు ఏళ్ల తరబడి ఎదురుచూడడమూ సబబు కాదు. ఇళ్లు రెట్టింపు కావడం మంచిదే. 2025 జనవరి 3న ప్రధాని సరోజినీ నగర్‌లో 28 టవర్లలో 2,500కు పైగా టైప్-2 క్వార్టర్లను ప్రారంభించారు. కింది స్థాయి ఉద్యోగికి మంచి ఇల్లు దక్కితే ఎవరికి అభ్యంతరం?

నా ఆందోళన ఇకముందు గురించి. రెండంతస్తుల క్వార్టరును పట్టించుకోకపోతే గోడకు చెమ్మ పడుతుంది, పెచ్చు ఊడుతుంది. మనిషి విసుక్కుంటూనే బతుకుతాడు. టవరును పట్టించుకోకపోతే లిఫ్టు ఆగుతుంది, నీళ్లు పై అంతస్తుకు ఎక్కవు, మంటలార్పే పంపు అవసరమైన రోజున పనిచేయదు. పాత కాలనీలో నిర్లక్ష్యం అసౌకర్యం. కొత్త కాలనీలో అదే నిర్లక్ష్యం ప్రాణాపాయం. పైగా భూమి అమ్మిన సొమ్ము ఒక్కసారే వస్తుంది. నిర్వహణ ఖర్చు ఏటేటా వస్తుంది. ముప్పై ఏళ్ల సొమ్మును ఇతర అవసరాలకు మళ్లించకుండా కాపాడేదెవరు? 31వ ఏట అమ్మడానికి ఏ భూమి మిగులుతుంది?

మన బడ్జెట్ సంప్రదాయం కూడా ఈ జబ్బును పెంచుతోంది. కొత్త భవనం మూలధన వ్యయం. దాన్ని ఆస్తుల సృష్టి అంటాం, చప్పట్లు కొడతాం. సాధారణ మరమ్మతు రెవెన్యూ వ్యయం. దాన్ని అదుపు చేయాలంటాం. 2025-26లో మూలధన వ్యయం 11.21 లక్షల కోట్లని గర్వంగా ప్రకటించిన ప్రభుత్వాన్ని, ఉన్న ఆస్తుల్లో ఎన్ని కుంగిపోతున్నాయని పార్లమెంటులో గట్టిగా నిలదీసేవారు అరుదు.

ఇందులో పార్టీల తేడా లేదు. హైదరాబాద్‌లో నిజాం కాలపు జి బ్లాకుతో పాటు ఆ తర్వాతి దశాబ్దాల్లో కట్టిన బ్లాకులనూ 2020లో కూల్చి, 2023 ఏప్రిల్‌లో కొత్త సచివాలయం ప్రారంభించారు. 2023 మేలో ప్రారంభమైన కొత్త పార్లమెంటు భవనపు లాబీలో మరుసటి ఏడాది జూలై చివర్లో వాన నీరు కారింది. గాజు గుమ్మటం అతుకు కొద్దిగా కదిలిందని లోక్‌సభ సచివాలయం వివరించింది, వెంటనే సరిచేశారు. ప్రతిపక్షం ఎద్దేవా చేసింది, అధికారపక్షం కొట్టిపారేసింది. కెమెరాలున్న చోట కారిన నీరు గంటల్లో ఆగింది. టైప్-2 క్వార్టరు వంటింట్లో కారే నీటికి ఆ భాగ్యం లేదు.

చేయవలసింది మరీ కష్టమైనదేమీ కాదు. ఏడు కాలనీల నిర్వహణ నిధిని విడి ఖాతాలో ఉంచి, కాగ్ తనిఖీ నివేదికను ఏటా పార్లమెంటు ముందుంచాలి. ప్రతి కాలనీలో ఏ భవనాన్ని ఎప్పుడు తనిఖీ చేశారో, మరమ్మతుకు ఎంత ఖర్చయిందో నివాసులకు కనిపించేలా ప్రకటించాలి. కూల్చే ముందు ఆ భవనపు దృఢత్వ నివేదికనూ, గత పదేళ్ల మరమ్మతు లెక్కనూ బయటపెట్టాలి. అప్పుడు అది నిజంగా ఆయుష్షు తీరిన భవనమో, చూసేవారు లేక చనిపోయిన భవనమో ప్రజలకు తెలుస్తుంది.

ఎప్పుడో ఒకనాడు ఆర్.కె. పురం ముందుకూ ఇదే ప్రశ్న వస్తుంది. ఆనాడు కొబ్బరికాయ కొట్టేందుకు మంత్రులు బారులు తీరతారు. ఈ గోడలను ఇన్నాళ్లూ ఎవరు చూసుకున్నారని అడగవలసింది మాత్రం మనమే.