ఆఫ్రికాలో ఏముందని అడిగినవారికి

ఈసారి రాత కొంచెం పొడుగైంది. కాఫీ దగ్గర పెట్టుకుని చదవండి.

పోయిన నెల స్కాలర్‌షిప్ కమిటీ ముందుకు మన సభ్యుల ఇంటి అమ్మాయి దరఖాస్తు ఒకటి వచ్చింది. చరిత్రలో పిహెచ్‌డి చేస్తోంది. 2023లో ఏడు నెలలు దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్‌లో ఉండి వచ్చింది. ఇంకొక్కసారి మూడు నెలలు పోయి వస్తే థీసిస్ పని ముగుస్తుంది, టికెట్టు ఖర్చు సంఘం భరిస్తే మిగతాది తాను చూసుకుంటానని రాసింది. కమిటీలో మొదట వచ్చిన మాట, "ఆఫ్రికాలో ఏముందమ్మా?" రెండో మాట, "మన రూల్సులో ఇంజినీరింగు, మెడిసిను, ఫారిన్ అడ్మిషనే కదా ఉండేది." దరఖాస్తు పక్కకు పోయింది. అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చిన పిల్లలకు ఉగాది స్టేజీ మీద శాలువా కప్పి చెక్కు ఇచ్చేది మనమే. ఇవ్వొద్దని మేము అనం. ఈ పిల్ల ఏం వెతుకుతోందో తెలిసి కాదన్నామా, తెలియక కాదన్నామా అన్నదే మా ప్రశ్న.

మేము అంటే రైల్వేలో గుమాస్తాలుగా రిటైరైన నలుగురం. అందరమూ గుడియాత్తం, వాణియంబాడి, ఆంబూరు పక్కవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఈ అమ్మాయి పని గురించి కమిటీ కంటే మాకు ఎక్కువ తెలుసు. ఎందుకో కింద చెబుతాం.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అందులో 342 మంది. అప్పటి నుంచి 1911లో ఆపేసేదాకా నేటాల్ దేశానికి ఒప్పంద కూలీలుగా పోయినవాళ్ళు 1,52,184 మంది. మూడింట రెండు వంతుల మంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు చొప్పున పెంపు. చెరకు తోటలు, బొగ్గు గనులు, ఆ పైన నేటాల్ ప్రభుత్వ రైల్వే. అవును, రైల్వే. పట్టాల కింద రాళ్ళు సర్దిన గ్యాంగుల్లో మనవాళ్ళు ఉన్నారు. దక్షిణాదిలో మొదటి రైలు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది 1856లో. ట్రూరో కదిలేనాటికి ఆ లైనుకు నాలుగేళ్ళు. ఆర్కాటు పక్కనుంచి ఆ బండిలోనే రేవుకు పోయినవాళ్ళూ ఉండే ఉంటారు.

వీళ్ళలో విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళున్నారు. ఉత్తర ఆర్కాటు వాళ్ళు మరీ ఎక్కువ. అప్పట్లో ఉత్తర ఆర్కాటుకు జిల్లా కేంద్రం చిత్తూరే. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది. కాబట్టి ఓడ జాబితాలో "ఉత్తర ఆర్కాటు" అని ఉంటే ఆ మనిషి ఇంట్లో తెలుగు మాట్లాడాడో తమిళం మాట్లాడాడో జిల్లా పేరు చూసి చెప్పలేం. తాలూకా చూడాలి, ఊరు చూడాలి, తండ్రి పేరు చూడాలి.

ఆ జాబితాల నకళ్ళు డర్బన్‌లో, వెస్ట్‌విల్ క్యాంపస్ డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఉన్నాయి. అమ్మాయి వాటి ఫోటోలు కొన్ని మాకు పంపింది. చూసి నలుగురమూ కాసేపు మాట్లాడలేదు. మేము ముప్పై అయిదేళ్ళు రాసిన పార్సిల్ రిజిస్టరు లాగే ఉంది. వరుస నంబరు, ఎక్కిన చోటు, చేరే చోటు, పైన ఉన్న గుర్తులు. పార్సిల్ మీద మార్కా రాసినట్టు మనిషి మీద మచ్చ రాశారు. ఎడమ మోచేతి దగ్గర గాయం మచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. రాసిన గుమాస్తా తెల్లవాడి చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయాడు. వాండివాష్ అంటే వందవాసి అని పుస్తకాల్లోనే దొరుకుతుంది. చిన్న ఊళ్ళ పేర్లు ఏ పుస్తకంలో దొరుకుతాయి? అక్కడే ఆ అమ్మాయికి మేము పనికొచ్చాం. రాత్రి తొమ్మిదికి ఫోటో వచ్చేది, "తాతయ్యా, ఇది ఏ ఊరు?" అని. ఒకరు పలమనేరు పక్కన అంటారు, ఇంకొకరు కాదు పేరణాంబట్టు అంటారు. గొడవ పడి, చివరకు ఆ ఊళ్ళో బంధువులున్న వాళ్ళకు ఫోన్ చేసి తేల్చేవాళ్ళం. రిటైరైన తర్వాత ఇంత బుద్ధిగా మేము ఏ పనీ చేయలేదు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ అనే ఊరు డర్బన్‌కు ఎనభై కిలోమీటర్ల దూరం. గాంధీగారిని 1893లో రైలు నుంచి దించేసిన స్టేషన్ అదే. అక్కడి ఆర్కైవ్స్‌లో కూలీల ప్రొటెక్టర్ ఆఫీసు ఫైళ్ళు ఉన్నాయి. జీతం ఆపేశాడని, కొట్టాడని, పెళ్ళాం వేరే తోటలో ఉంది పంపండని అర్జీలు. అమ్మాయి వారానికి నాలుగు రోజులు తెల్లవారే వ్యాను ఎక్కి పోయేది. లోపల పెన్ను తీయనివ్వరు, పెన్సిలే. ఆ ఏడాది అక్కడ కరెంటు కోతలు మరీ ఎక్కువ. లైటు పోతే కిటికీ పక్కకు జరిగి చదువుకునేది.

మిగిలిన రోజులు చాట్స్‌వర్త్‌లో ముసలివాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగింది. తెల్లవాళ్ళ ప్రభుత్వం 1950లో ఏ జాతివాళ్ళు ఏ పేటలో ఉండాలో చట్టం చేసింది. ఆ చట్టం పేరు చెప్పి పాత పేటల నుంచి మనవాళ్ళను లేపి 1960లలో కూర్చోబెట్టిన చోటు చాట్స్‌వర్త్. అక్కడ ఒక అవ్వ వయసు 86. వాళ్ళమ్మ పాడిన జోలపాట ఆమెకు మొత్తం వచ్చు, ఒక్క మాటకూ అర్థం తెలియదు. అది తమిళం అనుకునే ఇన్నేళ్ళూ పాడుకుంది. అమ్మాయి ఒక్కో మాటకూ అర్థం చెప్పింది. అవ్వ కొడుకును కేకేసి, "మనం తెలుగువాళ్ళమంట రా" అని ఇంగ్లీషులో చెప్పింది.

ఇలా ఎందుకయిందంటే, తోటల్లో, బారకుల్లో తెలుగువాళ్ళూ తమిళులూ ఒకే వరుసలో ఉన్నారు. బయటివాళ్ళకు అందరూ మద్రాసీలే. తెలుగు చెప్పే పంతులు దొరకలేదు, తమిళ బడి ఉంది, పిల్లలను అక్కడికే పంపారు. సంబంధాలు కలిశాయి. 1931లో అక్కడివాళ్ళు ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నిలబెట్టాలని గట్టిగానే కష్టపడ్డారు. ఆ తర్వాత ఇంగ్లీషు వచ్చి తెలుగునూ తమిళాన్నీ కలిపి ఊడ్చేసింది. డర్బన్-వెస్ట్‌విల్ యూనివర్సిటీలో వారిజాక్షి ప్రభాకరన్ గారు 1990లలోనే అక్కడి ప్రవాసాంధ్రుల భాష మీద పరిశోధన చేశారు. మన అమ్మాయి అక్కడి నుంచి ముందుకు పోతోంది. ఏ తాలూకా వాళ్ళ ఇళ్ళల్లో తెలుగు ఎన్నాళ్ళు నిలిచింది, ఏ ఇంట్లో ముందు పోయింది అని జాబితాలను కుటుంబాలతో జత చేస్తోంది.

మారిషస్‌లో కథ వేరు. అదీ ఆఫ్రికానే, మనం మరిచిపోతాం. కోరంగి రేవు నుంచి పోయినవాళ్ళని తెలుగువాళ్ళకు అక్కడ కొరింగీలని పేరు. ఈరోజు అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు, బడిలో తెలుగు ఉంది, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఒకే రకం కూలీలు, ఒకే రకం చెరకు. ఒకచోట నిలిచింది, ఒకచోట పోయింది. మనలాంటి సంఘం తెలుసుకోవలసిన విషయం ఇంతకంటే వేరే ఏముంది?

మాకు ఇది దూరం సంగతి కాదు. మేము తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు. జోలార్‌పేట దాటి బెంగుళూరు వచ్చే దారిలో మల్లనూరు, కుప్పం, గుడుపల్లె, బిసానత్తం స్టేషన్ బోర్డులు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరం పక్కన తెలుగు అక్షరం పెట్టి కూడబలుక్కున్నాం. ఇప్పటికీ ఒత్తులు తప్పుతాం, మన సెక్రటరీగారు దిద్దుతారు. మా మనవళ్ళు కన్నడం, ఇంగ్లీషు బాగా మాట్లాడతారు. తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలుకుతారు. నేటాల్‌లో నూరేళ్ళు పట్టింది ఇక్కడ యాభై ఏళ్ళలో అయ్యేలా ఉంది.

భయం మాట. ఆడపిల్ల, ఒంటరిగా, ఆఫ్రికాలోనా అన్నారు. డర్బన్‌లో భయం లేదని ఆ అమ్మాయే అనదు. చీకటి పడితే బయటికి రాదు, ఫోన్ చేతిలో పట్టుకుని నడవదు. 2021 జులైలో అక్కడ జరిగిన అల్లర్లలో, మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లోనే 30 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో నల్లవాళ్ళే ఎక్కువ. ఇవన్నీ చదివే పోయింది. కానీ ఆమె అద్దెకున్న ఇంటావిడ రిటైరైన నర్సు, జులూ మనిషి. గోగో అని పిలిచేది, అంటే అవ్వ. సాయంత్రం ఆరు దాటితే గోగో ఫోన్ వచ్చేసేది, ఎక్కడున్నావని.

మరి మన ఊరు? 2016 జనవరి 31 రాత్రి ఇక్కడే, హెసరఘట్ట రోడ్డు వైపు, ఒక సూడాన్ యువకుడి కారు గుద్ది ఒక ఆడమనిషి చనిపోయింది. అరగంట తర్వాత ఇంకో కారులో ఆ దారిన వచ్చిన టాంజానియా అమ్మాయి మీద జనం పడ్డారు. ఆ ప్రమాదంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. ఆమె కూడా చదువుకోవడానికి వచ్చిన పిల్లే. హెణ్ణూరు, కొత్తనూరు పక్క ఇళ్ళున్న సభ్యులు మనలో ఉన్నారు. ఆఫ్రికా పిల్లలకు ఇల్లు అద్దెకిచ్చినవారు ఎందరో వాళ్ళకే తెలుసు. ఆఫ్రికా భద్రత గురించి మనం మాట్లాడేటప్పుడు కొంచెం గొంతు తగ్గించి మాట్లాడితే బాగుంటుంది.

ఒక పెద్దాయన అన్న మాట మాత్రం కొట్టిపారేయలేం. "ఆ డబ్బుతో ఇక్కడ పదిమంది పిల్లలకు తెలుగు నేర్పొచ్చు" అన్నారు. నిజమే. అయితే మన ఆదివారం క్లాసులో ఇరవై రెండు మంది ఏడుకు తగ్గింది డబ్బు లేక కాదు. పంతులు ఉన్నారు, పుస్తకాలు ఉన్నాయి, హాలు అద్దె కట్టే ఉంది. డబ్బే కావాలంటే ఉగాదికి ఇచ్చే మెమెంటోలు ఒక ఏడాది మానేద్దాం. మా ఇళ్ళల్లో అవి పదకొండు ఉన్నాయి, దుమ్ము తుడవడం ఆడవాళ్ళకు అదనపు పని.

వచ్చే నెల జనరల్ బాడీలో మేము రెండు తీర్మానాలు పెడుతున్నాం. స్కాలర్‌షిప్ రూల్సులో "తెలుగువారి గురించి ఎక్కడ చేసే పరిశోధన అయినా" అని ఒక వాక్యం చేర్చాలి. ఈ అమ్మాయి దరఖాస్తు ఈ ఏడాదే మళ్ళీ తీసుకోవాలి. వచ్చే ఏడాది చూద్దాం అనకండి. 2023లో ఆమె మాట్లాడిన పద్నాలుగు మంది పెద్దవాళ్ళలో ముగ్గురు ఇప్పటికే పోయారు. జోలపాట అవ్వ ఉంది, చూపు తగ్గిందని కొడుకు చెప్పాడట.

మేము తేల్చలేని ఊళ్ళ పేర్లు ఇంకా పదిహేడు మిగిలాయి. ఆదివారం క్లాసు అయ్యాక ఆ కాగితాలు పట్టుకుని హాల్లోనే కూర్చుంటాం. పుంగనూరు, చంద్రగిరి, కార్వేటినగరం పక్కవాళ్ళు ఎవరైనా ఉంటే రండి. అక్షరాలు మరీ చిన్నవి, కళ్ళద్దాలు మరిచిపోవద్దు.