వార్ధక్యంపై మోపిన నెపం

వృద్ధుల చేతులు వణికితే, చెప్పిన మాట మరచిపోతే, "వయసు మీరింది, ఇక ఇంతే" అని సరిపెట్టుకోవడం మన ఇండ్లలో పరిపాటి. మరికొందరు ప్రకటనలను నమ్మి ఖరీదైన టానిక్కులు కొంటారు. మొదటిది ఉదాసీనత, రెండవది అంధవిశ్వాసం. రెండింటికీ మూలం దేహధర్మం తెలియకపోవడమే అని నా అభిప్రాయం.

దేహపు బరువులో మెదడు నూటికి 2 వంతులు మాత్రమే. కాని విశ్రాంతి వేళ దేహం వినియోగించే శక్తిలో సుమారు 20 వంతులు దానికే కావాలి. ఆ శక్తిలో అధికభాగాన్ని సమకూర్చేవి కణాలలోని మైటోకాండ్రియాలు. ఆహారసారాన్ని ఆక్సిజన్ సాయంతో ఎ.టి.పి. అనే ఇంధనంగా మార్చడం వీటి పని. వీటికి 37 జన్యువులు గల సొంత డి.ఎన్.ఏ. ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ అందులో లోపాలు పేరుకుంటాయి. చర్మంలో పాతకణాలు పోయి కొత్తవి పుడతాయి. నాడీకణాలలో అత్యధికభాగానికి ఆ భాగ్యం లేదు; ఉన్న కణాలే కడదాకా పనిచేయాలి. కనుక శిథిలమైన మైటోకాండ్రియాలను తొలగించే ఏర్పాటు మందగిస్తే వాటికి కలిగే నష్టం పెద్దది.

ఇది కేవలం ఊహ కాదు. 1980 దశకం ఆరంభంలో కాలిఫోర్నియాలో కల్తీ మాదకద్రవ్యం వాడిన కొందరు యువజనులు, పార్కిన్సన్ రోగుల వలె బిగుసుకుపోయి ఆసుపత్రులకు చేరారు. అందులోని ఎం.పి.టి.పి. అనే పదార్థం దేహంలో మార్పుచెంది మైటోకాండ్రియాల పనిని అడ్డగిస్తుందని తరువాత తేలింది. పాడైన మైటోకాండ్రియాలను గుర్తించడంలో తోడ్పడే పింక్1 జన్యువు చెడితే, కొన్ని కుటుంబాలలో ఆ వ్యాధి వంశపారంపర్యంగా వస్తుందని 2004లో వెల్లడైంది.

అట్లని మైటోకాండ్రియాలే సర్వకారణమని, ఒక మాత్రతో వాటిని బాగుచేయవచ్చునని అనుకోవడం తొందరపాటు. పార్కిన్సన్ రోగులపై పరీక్షించినప్పుడు విటమిన్-ఇ వల్ల గాని (1993), కోఎంజైమ్ క్యూ10 వల్ల గాని (2014) వ్యాధి నెమ్మదించలేదు. కాగా లీవోడోపా అనే ఔషధం వణుకును, బిగువును తగ్గిస్తుంది. క్రమబద్ధమైన వ్యాయామం నడకకు మేలు చేస్తుంది. కొందరి మతిమరపునకు థైరాయిడ్ లోపమో, విటమిన్ బి12 కొరతో కారణం కావచ్చు. అది చికిత్సకు లొంగేది. దానిని వయసు ఖాతాలో వేసి ఊరకుంటే ఆ పెద్దలకు అన్యాయం చేసినవారమవుతాము.

కాబట్టి కళాశాల పాలకవర్గం వారు ఏటా ఒక వైద్యునిచేత ఉర్దూలోను, తెలుగులోను ఈ విషయమై ఉపన్యాసం ఇప్పించాలని మనవి. విద్యార్థులు తమ దాదా దాదీలను, తాతా నానమ్మలను ఆ సభకు వెంటబెట్టుకొని రావాలి. టానిక్కు సీసాకు పెట్టే ధనంతో ఒకసారి వైద్యపరీక్ష చేయించడం మేలు.