మిత్తి లెక్కకూ ఒక జర్నల్ కావాలి

సౌదీ పేరు వినగానే మన ఊళ్లలో వీసా, ఏజెంటు, రియాళ్లు మాట్లాడుకుంటారు. ధర్మబద్ధమైన ఆర్థికశాస్త్రానికి విశ్వవిద్యాలయంలో చోటిచ్చి, పరిశోధన పత్రికలు నడిపిన దేశాల్లో సౌదీ ముందువరుసలో ఉందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

జెడ్డాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయం 1976 ఫిబ్రవరిలో మక్కాలో, వడ్డీని కాదనే ఇస్లామిక్ ఆర్థికశాస్త్రంపై తొలి అంతర్జాతీయ సదస్సు జరిపింది. మరుసటి ఏడాదే పరిశోధన కేంద్రం పెట్టింది. 1983లో ఆ కేంద్రం నుంచి పత్రిక వెలువడింది. జెడ్డాలోనే ఉన్న ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధన విభాగం 1993లో ‘ఇస్లామిక్ ఎకనమిక్ స్టడీస్’ మొదలుపెట్టింది. ముందు సదస్సు, తర్వాత కేంద్రం, ఆ తర్వాతే పత్రిక. రాసేవాళ్లు, తప్పులు పట్టేవాళ్లు తయారయ్యాకే అచ్చు దాకా వెళ్లారు. ఆ క్రమం నాకు నచ్చింది.

ఈ చర్చకు హైదరాబాద్ కొత్తది కాదు. ఉస్మానియాలో అర్థశాస్త్రం చెప్పిన అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940లలోనే వడ్డీ సిద్ధాంతంపై పుస్తకం రాశారు. అక్కడే పాఠాలు చెప్పిన ముహమ్మద్ హమీదుల్లా హైదరాబాద్‌లో నడిచిన వడ్డీలేని అప్పుల సంఘాల గురించి ప్రపంచానికి తెలియజెప్పారు. ఇక జెడ్డా కేంద్రానికి పేరు తెచ్చిన వాళ్లలో ఒకరైన మొహమ్మద్ నెజాతుల్లా సిద్దీఖీ గోరఖ్‌పూర్‌లో పుట్టి, అలీగఢ్‌లో బోధించి వెళ్లినవారు. 1982లో కింగ్ ఫైసల్ బహుమతి అందుకున్నారు.

సిద్దీఖీలో నేను గౌరవించేది బహుమతిని కాదు, తెగువను. ‘తవర్రుఖ్’ అని గల్ఫ్ బ్యాంకుల్లో ఒక పద్ధతి ఉంది. ఖాతాదారుడు ఒక సరుకును అరువు మీద ఎక్కువ ధరకు కొని, వెంటనే తక్కువకు అమ్మి నగదు చేసుకుంటాడు. పేరుకు వడ్డీ లేదు, చేతిలో మిగిలేది మాత్రం అప్పే. దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువని 2007లో ఆయన తేల్చి చెప్పారు. బ్యాంకులు ముందే ఏర్పాటు చేసి నడిపే ఈ పద్ధతి చెల్లదని 2009లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ తీర్మానించింది. తాను పెంచిన రంగాన్నే నిలదీయగలిగిన పండితుడు ఉన్నప్పుడు పరిశోధన పత్రికకు విలువ ఉంటుంది.

అయితే ఆ చర్చలో పెద్దపీట బ్యాంకులదే. బ్యాంకు గడప తొక్కని అప్పు ఒకటుంది. అది నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో పుట్టి, రియాద్ లేబర్ క్యాంపులో తీరుతుంది. జెడ్డా పత్రిక మొదలైన 1983లోనే మన పార్లమెంటు వలసల చట్టం చేసింది. దాని నియమాల ప్రకారం ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. ఊళ్లో అడిగేది ఇంతకు ఎన్నో రెట్లు. పేరుకే యజమాని ఉండి, పని తానే వెతుక్కోవాల్సిన ఆజాద్ వీసా అంటే ఇంకా ఎక్కువ. లక్షన్నర అప్పు చేశాడనుకోండి. ప్రామిసరీ నోటు మీద నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 4,500 రూపాయలు, అంటే దాదాపు 200 రియాళ్లు. వెయ్యి రియాళ్ల జీతంలో ఐదో వంతు మిత్తికే సరి, అసలు కదలదు. ఖర్చులు పోను ఇంటికి పంపేదెంత? రెండేళ్లకు సెలవు మీద వచ్చేసరికి ఇంకా బాకీ ఉన్నవాళ్లు మన మధ్యే తిరుగుతున్నారు. వడ్డీ అన్యాయమని శాస్త్రం రాసిన దేశానికి, వడ్డీ కట్టడానికే పోయినవాడి లెక్క ఇది. నీతి ఆర్థికశాస్త్రానికి ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుంది?

పేదల మేలు కోసమనే సామాజిక వ్యాపారంలోనూ అప్పుల లెక్క ఎవరూ రాయక మనం చేదు చూసినవాళ్లమే. పేదలకు అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో తన షేర్లను స్టాక్ మార్కెట్‌లోకి తెచ్చింది. పేదల మీద లాభాలు తీయడమేమిటని బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకుడు ముహమ్మద్ యూనస్ బహిరంగంగానే విమర్శించారు. అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఈలోగా అప్పుల ఒత్తిడితో కొన్ని ఇళ్లలో ప్రాణాలు పోయాయి. అప్పులిచ్చిన తీరు, వసూలు చేసిన తీరు ముందే ఎవరైనా ఊరూరా లెక్కగట్టి అచ్చు వేసి ఉంటే ప్రభుత్వం అంత ఆలస్యంగా మేలుకునేది కాదని నా నమ్మకం.

పత్రిక పెట్టడం మాత్రం ఇప్పుడు చాలా తేలిక, అదే నా భయం. డబ్బు కడితే ఏదైనా వేసే జర్నల్స్ బెడద ఎంతదంటే, 2018లో యూజీసీ తన జాబితా నుంచి 4,305 పత్రికలను ఒక్కసారే తీసేసింది. నీతి గురించి రాసే పత్రిక రచయిత దగ్గర డబ్బు గుంజకూడదు. సమీక్షకుడి పేరు రచయితకు, రచయిత పేరు సమీక్షకుడికి తెలియకూడదు. ఖర్చు ఎవరు పెడుతున్నారో మొదటి పేజీలోనే చెప్పాలి.

డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది, కరీంనగర్‌లో శాతవాహన ఉంది. రెండూ గల్ఫ్ వలస ఊళ్ల మధ్యే ఉన్నాయి. ఈ రెండూ కలిసి జెడ్డా కేంద్రాన్ని భాగస్వామిగా పిలవాలి. తెలుగులో, ఇంగ్లిషులో ఒక పత్రిక తేవాలి. వాపసు వచ్చినవాళ్ల ప్రామిసరీ నోట్లు, రసీదులు, జీతం చీటీలు విద్యార్థుల చేత సేకరింపజేసి, ఆ లెక్కలతోనే తొలి సంచిక వేయాలి. ఉపకులపతులు ఈ మాట చెవిన పెట్టాలని కోరుతున్నాను.