గెలిపించిన సారుకి గెలుపు ఎందుకు చిక్కకుండా పోయిద్ది?

రాత్రిపూట మిర్చి కల్లం కాపలా అంటే ఏముంటది. కాయల మీద పట్టా కప్పటం, పక్కన మంచం వాల్చుకోటం, ఫోన్ చూసుకోటం. మొన్న మా ఊరి కుర్రాళ్లిద్దరు అట్టాగే ఫోన్ ముందేసుకుని గొడవ పడతన్నారు. ఒకడు "గార్డియోలా పనయిపోయిందిరా" అంటాడు. ఇంకోడు "వరసగా నాలుగేళ్లు లీగ్ కొట్టినోడి పని అయిపోవటం ఏందిరా" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. మాంచెస్టర్ సిటీ 2021 నుంచి 2024 దాకా నాలుగు సీజన్లు ఆపకుండా ఇంగ్లండ్ లీగ్ గెలిచింది. ఆ 2024 లోనే, చలికాలం మొదలయ్యేసరికి, అదే సారు, దాదాపు అదే జట్టు, వరసబెట్టి 5 మ్యాచ్‌లు ఓడింది. సీజన్ అయ్యేసరికి మూడో స్థానం. ఆర్నెల్లలో ఆ మనిషి ఫుట్‌బాల్ మర్చిపోయాడా?

మర్చిపోలేదు. మరి ఏమైనట్టు? ఇది తేల్చుకోటానికి మాంచెస్టర్ దాకా పోనక్కర్లేదు. ఇంకొల్లు దాకా పోతే చాలు.

ఇంకొల్లు దగ్గర నాగండ్ల. పుల్లెల గోపీచంద్ 1973లో పుట్టిన ఊరు. అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది. ఆయనది ఫుట్‌బాల్ కాదు, షటిల్. అయినా సరే, శిష్యుల్ని వరసగా గెలిపించి, తర్వాత ఆ వరస పలచబడిన సారు కథ మనకి ఇంతకంటే దగ్గర్లో ఇంకోటి లేదు. కోచ్ అనే మనిషికి ఏమయిద్దో తెలుసుకోటానికి బంతి అయితే ఏంది, ఈకల కాక్ అయితే ఏంది.

ఆయన సంగతి మీకు చాలామందికి తెలుసు. 1994లో మోకాలు దెబ్బతింది. ఇక ఆడలేడనుకున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ సెమీస్‌లో పీటర్ గేడ్‌ని, ఫైనల్లో చైనా చెన్ హాంగ్‌ని కొట్టి కప్పు తెచ్చాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తర్వాత ఆ కప్పు తెచ్చిన మన దేశపోడు ఆయనొక్కడే. శీతల పానీయం ప్రకటనకి డబ్బులు ఇస్తామన్నా వద్దన్నాడు. ప్రభుత్వం గచ్చిబౌలిలో స్థలం ఇస్తే కట్టటానికి డబ్బుల్లేక సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చాక 2008లో అకాడమీ తెరుచుకుంది. అప్పటికే ఆయన దేశం మొత్తానికి చీఫ్ కోచ్, 2006 నుంచి.

ఆ తర్వాత కాపు చూడండి. 2012 లండన్‌లో సైనాకి కంచు. 2016 రియోలో సింధుకి వెండి. 2017 అయితే విరగకాసిన ఏడాది. ఆ ఏప్రిల్లో సింగపూర్ ఓపెన్ ఫైనల్లో నెట్‌కి ఇటు గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్, అటు సాయి ప్రణీత్. ఇద్దరూ గోపీచంద్ శిష్యులే. ఎవరు ఓడినా సారే గెలిచినట్టు. (ప్రణీత్ గెలిచాడు.) అదే ఏడాది శ్రీకాంత్ ఇండోనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్, నాలుగు చోట్ల సూపర్ సిరీస్ టైటిళ్లు ఎత్తాడు. 2018 ఏప్రిల్లో ప్రపంచ నెంబర్ వన్.

ఇప్పుడు ఇవతలి లెక్క. 2017 ఫ్రెంచ్ ఓపెన్ తర్వాత శ్రీకాంత్‌కి ఆ స్థాయి టైటిల్ ఇంకోటి రాలేదు. 2021లో ప్రపంచ పోటీల ఫైనల్ దాకా పోయి ఆగాడు. 2021 టోక్యోలో సింధుకి కంచు వచ్చింది గానీ, కోర్టు పక్కన కూర్చుంది కొరియా కోచ్ పార్క్ తే సంగ్. 2024 పారిస్‌లో బ్యాడ్మింటన్‌కి ఒక్క పతకం గూడా లేదు. లండన్ నుంచి ఏ ఒలింపిక్స్‌లోనూ అట్టా జరగలేదు. మొత్తానికి ఎండిపోయిందని మాత్రం అనలేం. 2022లో థామస్ కప్ మనది అయింది. గాయత్రి, ట్రీసా జంట 2022, 2023లో ఆల్ ఇంగ్లండ్ సెమీస్ ఆడింది. చెట్టు ఉంది, కాపు తగ్గింది.

ఎందుకు తగ్గింది అంటే మన పత్తి చేలోనే జవాబు ఉంది. 2002లో బీటీ పత్తి వచ్చింది. అంతకుముందు శనగపచ్చ పురుగు దెబ్బకి మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎన్ని కొంపలు ఆరిపోయాయో పెద్దోళ్లని అడగండి. బీటీ వచ్చాక ఆ పురుగుకి మందు కొట్టే పని బాగా తగ్గింది. 2006లో రెండో రకం గూడా వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి గులాబీ రంగు పురుగు దర్జాగా కాయ లోపల కాపురం పెట్టింది. విత్తనంలో ఆ గుణం ఎక్కడికీ పోలేదు. పురుగు నేర్చుకుంది, అంతే.

సారు పద్ధతి గూడా ఒక విత్తనమే. తెల్లారుజామున నాలుగున్నరకే కోర్టు, ఒళ్లు విరిచే కసరత్తు, తిండి మీద లెక్క. మన దేశంలో షటిల్‌ని ఇంత గట్టిగా పట్టుకున్నోళ్లు అప్పట్లో తక్కువ. ఆ తేడాతోనే గెలిచాం. కానీ గెలిచిన పద్ధతి దాచిపెడితే దాగదు. సింధు ఎత్తు, ఆ పైనుంచి దిగే స్మాష్, శ్రీకాంత్ నెట్ మీదకి దూకే దూకుడు... 2017లో అవతలోడికి కొత్త. రెండేళ్లు వీడియోలు తిప్పి తిప్పి చూశాక కొత్త కాదు. వాళ్లని నెట్ దగ్గరికి రానియ్యకుండా ఎట్టా ఆడాలో నేర్చుకున్నారు.

ఫుట్‌బాల్లో ఆర్సెన్ వెంగర్‌కి అచ్చంగా ఇదే జరిగింది. 1996లో ఆర్సెనల్‌కి వచ్చి ఆటగాళ్ల తిండి మార్చాడు, తాగుడు తగ్గించాడు, ఫ్రాన్స్ నుంచి ఎవరికీ తెలియని కుర్రాళ్లని చవగ్గా తెచ్చాడు. 2003-04లో 38 లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. కొన్నేళ్లకి ప్రతి క్లబ్బూ తిండి లెక్క రాసేవాణ్ణి పెట్టుకుంది, ప్రతి క్లబ్బూ ఫ్రాన్స్‌లో కుర్రాళ్లని వెతికింది. వెంగర్ 2018 దాకా ఉన్నాడు. ఇంకో లీగ్ గెలవలేదు. ఆయన ఇచ్చిన విత్తనమే ఊరందరి చేలో ఉంటే ఆయన చేలో ప్రత్యేకం ఏముంటది?

ఇదొక్కటే అయితే సారుది తప్పు లేదని వదిలెయ్యొచ్చు. రెండోది ఉంది, అది సారు చేతిలోదే. గెలుపు వచ్చాక సారు టైం ముక్కలయిద్ది. మొదట్లో పదిమంది పిల్లలు ఉంటే ఒక్కొక్కరి మోచెయ్యి ఎట్టా తిరుగుతుందో ఆయనకి తెలుసు. పేరొచ్చాక వందలమంది. పైగా అకాడమీ నడపాల, దేశం జట్టు చూడాల, స్పాన్సర్లతో మాట్లాడాల, సన్మానాలకి పోవాల. 2014 సెప్టెంబరులో సైనా బెంగళూరు పోయి విమల్ కుమార్ దగ్గర చేరింది. ఒక కొట్టంలో ఇద్దరు రాణులకి ఒక్క సారు చాలుతాడా అనే ప్రశ్న అప్పుడే లేచింది. తర్వాతి ఏడాదే సైనా ప్రపంచ నెంబర్ వన్ అయింది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది గానీ, ఒక్క మనిషి మీద ఇంత బరువు పెట్టకూడదని చెప్పటానికి ఆ మూడేళ్లు చాలు. నన్నడిగితే ఇందులో ఆయన తప్పు కంటే మన క్రీడా పెద్దల తప్పే ఎక్కువ. ఆ పదేళ్లలో ఆయనలాంటి ఇంకో పదిమంది సార్లని తయారు చెయ్యాల్సింది వాళ్లు. చెయ్యకుండా పతకం వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి ఫోటో దిగారు.

క్రమశిక్షణ సంగతి గూడా చూడండి. రియోకి ముందు మూడు నెలలు గోపీచంద్ సింధు ఫోన్ లాగేసుకున్నాడు, ఐస్‌క్రీం బందు. వెండి వచ్చాకే ఇచ్చాడు. దేశమంతా మురిసిపోయింది. అప్పుడు ఆ అమ్మాయికి 21. అదే అమ్మాయి 26 ఏళ్లకి, ప్రపంచ విజేత అయ్యాక, ఫోన్ ఇచ్చిద్దా? ఇయ్యదు, ఇయ్యక్కర్లేదు గూడా. చిన్నప్పుడు పనిచేసిన భయం పెద్దయ్యాక పనిచెయ్యదు. సారేమో అదే గొంతుతో మాట్లాడతానే ఉంటాడు. మౌరీన్యో 2015 మేలో చెల్సీకి లీగ్ గెలిపించాడు. డిసెంబరుకి చెల్సీ 16వ స్థానంలో ఉంది, ఆయన బయట ఉన్నాడు. ఆటగాళ్లు మారలేదు. వాళ్ల చెవులు మారాయి. ఫెర్గూసన్ మాత్రం 1986 నుంచి 2013 దాకా మాంచెస్టర్ యునైటెడ్‌లోనే ఉండి 13 లీగ్‌లు ఎట్టా గెలిచాడంటే, తన పక్కనుండే కోచ్‌లని మారుస్తానే వచ్చాడు. 2003లో బెక్‌హామ్ అంతటోణ్ణి అమ్మేశాడు. ఏటా పత్తే వెయ్యకుండా పంట మార్చే రైతు లెక్క.

అదృష్టం మాట గూడా ఒప్పుకోవాల. లండన్‌లో సైనా కంచు మ్యాచ్‌లో చైనా అమ్మాయి వాంగ్ షిన్ మొదటి గేమ్ గెలిచి, రెండోదాంట్లో మోకాలు పట్టేసి తప్పుకుంది. సైనా అక్కడిదాకా పోవటం సొంత కష్టమే, కాదనను. కానీ పతకం రాగానే మొత్తం సారు మంత్రమే అన్నాం. అదృష్టం పక్కకి పోగానే మంత్రం పోయిందంటన్నాం. రెండూ అతే.

పోయిన పట్టు తిరిగి తెచ్చుకున్న సారు తెలుగు నేల మీద ఒకాయన ఉన్నాడు, ఆయనది ఫుట్‌బాలే. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం, బడి పంతులు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన మీదే. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు కొట్టింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారం. మరుసటేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1. మనోళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మళ్లీ కిందకి: 1958 ఆసియా క్రీడల్లో పతకం లేదు, 1960 రోమ్‌లో ఒక్క గెలుపూ లేదు. ఈయన పనయిపోయిందన్నోళ్లు అప్పుడూ ఉండే ఉంటారు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత మ్యాచ్‌లో వెనక కాపలా కాసే జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. తలకి దెబ్బ ఉన్నోడు వెనక ఆడితే కష్టం. ఇంకో సారైతే పక్కన కూర్చోబెడతాడు. రహీం ఆయన్ని తీసుకెళ్లి ముందు వరసలో, గోల్ కొట్టే చోట పెట్టాడు. కొరియాకి ఇది లెక్కలో లేదు. ఫైనల్లో అదే కొరియా మీద 2-1, ఒక గోల్ పి.కె. బెనర్జీది, ఒకటి జర్నైల్‌ది. అప్పటికే రహీం కేన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్‌లో పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకి మళ్లీ బంగారం రాలేదు.

నాకు దీంట్లో కనపడేది ఒకటే. రహీం తను కట్టుకున్న పందిరిని తనే పీకాడు. పదిరోజుల ముందు ఓడిన ఏర్పాటునే పట్టుకుని వేలాడలేదు. చాలామంది సార్లకి ఇదే చేతగాదు. ఎందుకంటే ఆ పందిరి వాళ్లకి అన్నం పెట్టింది, పేరు పెట్టింది, గోడ మీద ఫోటో పెట్టింది. మా బాబాయ్ ఒకాయన ఒక ఏడు తేజ మిర్చిలో బాగా మిగుల్చుకున్నాడు. మరుసటేడు 2021-22, అదే విత్తనం, అవే మందులు, అదే దుకాణం. నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం నాకేసింది. పురుగు కొత్తది, మందులు పాతవి. "పోయినేడు ఇట్టాగే కొట్టా గదరా" అంటానే ఉన్నాడు పాపం.

ఇదంతా ఎందుకు చెప్తన్నానంటే, 2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక మాట అన్నాడు. డబ్బున్న ఇల్లు కాకపోతే పిల్లల్ని ఆటలే బతుకుగా పంపొద్దని. చాలామంది తిట్టారు. నాకైతే నిజం చెప్పినట్టే అనిపించింది. అదే నెలలో మన మిర్చి రేటు కూలి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టింది. అంతకుముందేళ్ల రేటు చూసి అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినోళ్ల గతి ఏంది? పిల్లల్ని కోచింగ్‌కి పంపే నాన్నలు గూడా అంతకుముందేళ్ల రేటే చూస్తన్నారు. గుంటూరైనా, ఒంగోలైనా, హైదరాబాద్ అయినా, అడగాల్సింది వేరే. ఒక కోర్టు మీద ఎంతమంది పిల్లలు? సారు వారంలో ఎన్ని రోజులు తనే నిలబడతాడు? ఆ ఫోటోలో ఉన్న పిల్ల గెలిచాక ఆయన పద్ధతిలో ఏం మార్చాడు? ఆయన్ని వదిలిపోయినోళ్లు ఎందుకు పోయారు? సారు మంచోడా కాదా అని కాదు, ఈ ఏడు ఆయన చేలో ఏముంది అని.

కల్లంలో గార్డియోలా పనయిపోయిందన్న కుర్రాడికి తమ్ముడున్నాడు, ఎనిమిదో తరగతి, షటిల్ బాగా ఆడతాడు. ఈ కాయలు టిక్కీలకెత్తి యార్డుకి తోలాక, టౌన్లో ఒక సారు దగ్గర చేర్పిద్దామని వాళ్ల నాన్న చూస్తన్నాడంట. ఏం చూసి ఆ సారు దగ్గరికి అని అడిగా. అకాడమీ గేటు మీద స్టేట్ ఫస్ట్ ఫోటో ఉందన్నా, అన్నాడు. ఏ ఏడాదిది అన్నా. ఫోన్ తీసి, గేటు ఫోటో పెద్దది చేసి చూశాడు. 2016.